పాత టాటా 207 హెడ్‌లైట్లకు రిలే వైరింగు

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులున్న వాళ్లకు రాత్రి ప్రయాణం తప్పదు. కరెంటు పోయి ఏరియేటర్లు (చెరువు నీటికి గాలి అందించే యంత్రాలు) ఆగిపోతే జనరేటరుకు డీజిలు పట్టుకుని వెళ్లాలి. రొయ్యల పట్టుబడి ఉన్న రోజున తెల్లవారకముందే ఐసూ ట్రేలూ గట్టు మీదికి చేరాలి. ఉండి, ఆకివీడుల మధ్య జాతీయ రహదారి మీద ఉన్నంతసేపూ ఎదురొచ్చే బండ్ల వెలుతురో, ఊళ్ల వీధి దీపాలో తోడుంటాయి గాని, అక్కడి నుంచి చెరువుల వైపు దిగాక ఒక పక్క కాలువ, ఇంకో పక్క చెరువు, మధ్యలో ఒక బండి మాత్రమే పట్టే గట్టు ఉంటాయి. అలాంటి దారిలో హెడ్‌లైటు మసకబారితే గట్టు అంచు ఎక్కడుందో ఊహించుకుంటూ నడపవలసి వస్తుంది.

నా దగ్గర ఉన్నది పాత టాటా 207 డీఐ పికప్. దాని ఇంజను మీద గాని, చాసిస్ మీద గాని నాకు ఫిర్యాదు లేదు. లైట్లు మాత్రం చాలాకాలంగా కిరసనాయిలు లాంతరు రంగులో వెలుగుతూ ఉండేవి. కొత్త బల్బులు వేసి చూడమని కొందరు, వాటేజి పెంచి 100/90 (బ్రైటుకు 100, డిమ్ముకు 90 వాట్ల) బల్బులు వేయమని మరికొందరు, ఈ గొడవంతా వదిలేసి ఎల్‌ఈడీలు పెట్టించుకోమని ఇంకొందరు సలహా ఇచ్చారు. ఇలా చెప్పిన వారిలో ఒక్కరు కూడా బల్బు దాకా ఎంత వోల్టేజి వస్తోందని అడగలేదు. పాత బండి లైట్ల విషయంలో మొదట అడగవలసిన ప్రశ్న అదేనని, దానికి జవాబు దొరికేదాకా బల్బుల మీద రూపాయి కూడా ఖర్చు పెట్టకూడదని నా అభిప్రాయం. నా బండి విషయంలో ఆ జవాబు నన్ను రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) వైరింగు వైపు నడిపించింది. ఆ పని ఎందుకు చేశానో, ఎలా చేశానో వివరంగా రాస్తున్నాను.

మన దేశంలో ఈ తరం బండ్లలో ఎక్కువగా కనిపించే హెచ్4 బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. బ్రైటు ఫిలమెంటు 60 వాట్లు, డిమ్ము ఫిలమెంటు 55 వాట్లు. డబ్బా మీద 12 వోల్టులని రాసి ఉన్నప్పటికీ, ఇంజను తిరుగుతున్న బండిలో వోల్టేజి అంతకంటే ఎక్కువ ఉంటుంది కాబట్టి, అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఈ బల్బు వెలుతురును 13.2 వోల్టుల దగ్గర లెక్కగడతారు. అక్కడ బ్రైటు సుమారు 1650 ల్యూమెన్లు, డిమ్ము సుమారు 1000 ల్యూమెన్లు ఇవ్వాలి. ఫిలమెంటు బల్బుకు ఒక స్వభావం ఉంది. వోల్టేజి కొంచెం తగ్గితే వెలుతురు చాలా ఎక్కువగా తగ్గుతుంది. వెలుతురు దాదాపుగా వోల్టేజి యొక్క 3.4వ ఘాతాన్ని అనుసరిస్తుందని ఇంజనీర్లు లెక్క కడతారు. ఆ లెక్కన వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుతురు 30 శాతం పోతుంది. 15 శాతం తగ్గితే 40 శాతానికి పైగా పోతుంది. మిగిలిన వెలుతురు కూడా పసుపు పచ్చగా మారుతుంది, ఎందుకంటే ఫిలమెంటు తగినంత వేడెక్కడం లేదు. నా బండి లైట్ల రంగే ఆ సంగతి చెబుతూ వచ్చింది.

ఇక వోల్టేజి ఎక్కడ పోతోందన్నది చూడాలి. రిలే లేని పాత వైరింగులో హెడ్‌లైటు కరెంటు మొత్తం బ్యాటరీ నుంచి బయలుదేరి, బానెట్ కింది నుంచి డ్యాష్‌బోర్డు లోపలికి వచ్చి, ఫ్యూజు బాక్సు దాటి, స్టీరింగు కింద ఉన్న కాంబినేషన్ స్విచ్చులో ఒకటి రెండు కాంటాక్టుల గుండా నడిచి, మళ్లీ బయటికి వెళ్లి రెండు లైట్లకూ పంచుకోబడుతుంది. అక్కడితో ప్రయాణం పూర్తి కాదు. అది బాడీ గుండా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి చేరాలి. రెండు డిమ్ము ఫిలమెంట్లు కలిసి సుమారు 9 ఆంపియర్లు తీసుకుంటాయి. ఒక చదరపు మిల్లీమీటరు మందం ఉన్న రాగి తీగకు మీటరుకు దాదాపు 0.02 ఓం నిరోధం ఉంటుంది. ఐదు మీటర్ల దారి అయితే 0.1 ఓం అవుతుంది. చిన్న అంకెలా కనిపించినా, దాని గుండా 9 ఆంపియర్లు పారితే 0.9 వోల్టు ఆ తీగలోనే వేడిగా మారి పోతుంది. ఇదంతా తీగ కొత్తగా ఉన్నప్పటి మాట. ఏళ్ల తరబడి వాడిన ఫ్యూజు క్లిప్పులు, నల్లబడిన స్విచ్చు కాంటాక్టులు, వదులైన కప్లర్లు (తీగలను కలిపే ప్లగ్గులు) ఒక్కొక్కటీ మరికొంత తింటాయి. కంపెనీ వైరింగు చేసిన నాటికి ఇది సరిపోయేదే కావచ్చు. పాతబడే కొద్దీ సరిపోదు.

కొలవడానికి ఖరీదైన పరికరమేదీ అక్కర లేదు, మామూలు మల్టీమీటరు చాలు. అయితే కొలిచే పద్ధతి ముఖ్యం. బల్బు తీసేసి ఖాళీ హోల్డరులో మీటరు పెడితే వోల్టేజి దాదాపు పూర్తిగా కనిపిస్తుంది. కరెంటు పారనప్పుడు నష్టం కూడా ఉండదు కాబట్టి ఆ కొలత మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఇంజను తిప్పి, లైట్లు వెలిగించి, బల్బు హోల్డరులోనే ఉండగా, కప్లరు వెనక నుంచి మీటరు సూదులు తీగల కొసలకు తగిలించి చూడాలి. నేను అలా చూసినప్పుడు బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు ఉంటే ఎడమ బల్బు దగ్గర డిమ్ములో 11.6 వోల్టులు మాత్రమే ఉన్నాయి. అంటే 2.3 వోల్టులు దారిలోనే పోయాయి. పైన చెప్పిన లెక్కన, 13.2 వోల్టుల దగ్గర రావలసిన వెలుతురులో మూడింట రెండు వంతుల కంటే కొంచెం తక్కువే వస్తోందన్న మాట. అలాంటి దారిలో కొత్త బల్బు వేసినా, ఎంత పేరున్న బల్బు వేసినా, ఫలితం ఇంచుమించు అదే.

ఆ 2.3 వోల్టులు ఏ వైపు పోయాయో కూడా విడదీసి చూడవచ్చు. మీటరు ఒక సూదిని బ్యాటరీ పాజిటివ్‌కు, రెండో సూదిని బల్బు పాజిటివ్ కొసకు పెడితే ఆ వైపు నష్టం నేరుగా తెలుస్తుంది. అలాగే బల్బు ఎర్త్ కొసకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య కొలిస్తే తిరుగు దారిలో నష్టం తెలుస్తుంది. నా బండిలో పాజిటివ్ వైపు 1.6 వోల్టులు, ఎర్త్ వైపు 0.7 వోల్టు పోతున్నాయి. ఈ రెండో అంకె గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మా ప్రాంతంలో ఇది అందరి బండ్లకూ వర్తిస్తుంది. రొయ్యల చెరువుల నీటిలో ఉప్పు ఉంటుంది. తడి ట్రేలు, తడి వలలు, గట్టు మీద గుంటల్లోంచి చిమ్మే నీరు, సముద్రం వైపు నుంచి వచ్చే గాలి, ఇవన్నీ కలిసి బాడీకి బిగించిన ప్రతి ఎర్త్ బోల్టు కిందికీ చేరతాయి. లగ్గు (తీగ కొసన బోల్టుకు బిగించే లోహపు ముక్క) కింద ఇనుము తుప్పు పడుతుంది, రాగి తీగకు ఆకుపచ్చ చిలుము పడుతుంది. ఆ చిలుము ఇన్సులేషను లోపలికి కూడా పాకుతుంది కాబట్టి పైకి బాగున్నట్టు కనిపించే తీగను కోసి చూస్తే లోపల పోగులు నల్లబడి ఉంటాయి. రిలేలు వేసి ఎర్త్‌ను పట్టించుకోకపోతే సగం పనే చేసినట్టు. ఆ మాటకొస్తే, పని మొదలుపెట్టే ముందు ఎర్త్ బోల్టులు ఊడదీసి శుభ్రం చేసి మళ్లీ కొలవడం ఎవరికైనా మొదటి మెట్టుగా మంచిది. కొన్ని బండ్లకు అదొక్కటే సరిపోవచ్చు.

రిలే చేసేది చాలా చిన్న పని. అది ఒక చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, విడదీసే స్విచ్చు. పాత వైరింగు ఇప్పుడు ఫిలమెంటును వెలిగించనక్కర లేదు. రిలే లోపలి కాయిల్‌ను లాగితే చాలు. ఆ కాయిల్‌కు కావలసింది సుమారు 0.15 ఆంపియరు. తొమ్మిది ఆంపియర్లు మోయలేక ఆపసోపాలు పడుతున్న పాత తీగకూ, స్విచ్చుకూ ఇది లెక్కలోకి రాని బరువు. లైట్లకు వెళ్లే అసలు కరెంటు మాత్రం బ్యాటరీ నుంచి లావుపాటి తీగలో, దగ్గరి దారిలో, రిలే కాంటాక్టుల గుండా నేరుగా వెళ్తుంది. కాంబినేషన్ స్విచ్చు కూడా దీనివల్ల ఎక్కువ కాలం మన్నుతుంది. లైట్లు వేసిన కాసేపటికి స్టీరింగు కింద స్విచ్చు దగ్గర వెచ్చగా తగలడం పాత బండ్లు నడిపే వాళ్లందరికీ అనుభవమే. ఆ వేడికే లోపలి ప్లాస్టిక్ మెత్తబడి, కాంటాక్టులు పక్కకు జరిగి, ఒకనాడు రోడ్డు మీద లైట్లు పూర్తిగా ఆరిపోతాయి. స్విచ్చు ధర రిలే కిట్టు ధర కంటే ఎక్కువని తెలిశాక నాకు రెండో ఆలోచన లేకుండా పోయింది.

కిట్టు విజయవాడ ఆటోనగర్‌లో కొన్నాను. మామూలుగా ఇందులో రెండు రిలేలు, రెండు హెచ్4 హోల్డర్లు, పాత హోల్డరుకు తగిలించే ఒక మగ కప్లరు, బ్యాటరీకి వెళ్లే ఫ్యూజు తీగ, ఎర్త్ లగ్గులు ఉంటాయి. చూడటానికి తీగలు బాగా లావుగా కనిపిస్తాయి. అయితే ఆ లావులో ఎక్కువ భాగం ప్లాస్టిక్కే. కొస గీరి చూస్తే పోగులు పైన రాగి రంగులో ఉండి లోపల వెండిలా మెరుస్తుంటే అది రాగి పూత పూసిన అల్యూమినియం. అది రాగి కంటే ఎక్కువ నిరోధం గలది. పైగా మా ఉప్పు గాలిలో పొడిపొడిగా రాలిపోతుంది. అందుచేత కిట్టులోని రిలే సాకెట్లు, పింగాణీ హోల్డర్లు ఉంచుకుని, తీగలన్నీ రెండున్నర చదరపు మిల్లీమీటర్ల అసలు రాగి ఆటో కేబులుతో మార్చాను. ఈ మందం తీగకు మీటరుకు 0.008 ఓం మాత్రమే నిరోధం. పింగాణీ హోల్డర్లు ఉంచుకోవడానికి కారణం వేడి. మామూలు ప్లాస్టిక్ హోల్డర్లు హాలోజన్ బల్బు వెనక కొంతకాలానికి పెళుసెక్కి విరిగిపోతాయి. రిలేలు మాత్రం పేరున్న తయారీవే కొనాలి. పైకి ఒకేలా కనిపించే చౌక రిలేల కాంటాక్టులు పల్చగా ఉంటాయి. అవి కాలి అతుక్కుపోతే స్విచ్చు ఆపినా లైటు ఆరదు.

రిలే అడుగున ప్రతి కాలు పక్కనా ఒక అంకె ఉంటుంది. ఇవి జర్మనీ వారి డీఐఎన్ 72552 ప్రమాణంలోని అంకెలు. ఏ దేశపు రిలే అయినా దాదాపుగా ఇవే వాడతారు. బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు 30కి, లైటుకు వెళ్లేది 87కి, స్విచ్చు నుంచి వచ్చే సన్న తీగ 86కి, కాయిల్ ఎర్త్ 85కి. కాయిల్‌కు మామూలుగా దిక్కు లేదు గాని, లోపల డయోడు (కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చే భాగం) ఉన్న రిలేలలో 86 పాజిటివ్, 85 నెగటివ్ కావడం తప్పనిసరి, కాబట్టి ఎప్పుడూ అదే పద్ధతి పాటిస్తే చిక్కు రాదు. ఐదు కాళ్ల రిలే చేతికొస్తే మధ్య కాలు మీద ఏం రాసి ఉందో చూడాలి. అక్కడ 87ఏ అని ఉంటే ఆ కాలు రిలే ఆగి ఉన్నప్పుడు 30తో కలిసి ఉంటుంది. దానికి లైటు తగిలిస్తే బ్యాటరీ కలిపిన క్షణమే, స్విచ్చు వేయకుండానే, లైట్లు వెలుగుతాయి. కొన్ని ఐదు కాళ్ల రిలేలలో మధ్య కాలు కూడా 87 గానే ఉంటుంది. అలాంటివి రెండు లైట్లకు రెండు తీగలు తీసుకోవడానికి చాలా అనుకూలం.

కిట్టులో డిమ్ముకూ బ్రైటుకూ కలిపి ఒకే 30 ఆంపియర్ల ఫ్యూజు ఇచ్చారు. ఇది నాకు నచ్చలేదు. ఎక్కడో ఒక్క తీగ బాడీకి తగిలి ఆ ఫ్యూజు పోతే డిమ్మూ బ్రైటూ రెండూ ఒకేసారి ఆరిపోతాయి, గట్టు మీద వెళ్తున్నప్పుడు అలా జరగడం ఊహించుకోవడానికే ఇష్టం లేదు. అందువల్ల బ్యాటరీ దగ్గర నుంచే రెండు తీగలు తీసి, డిమ్ముకు 15 ఆంపియర్ల ఫ్యూజు, బ్రైటుకు 20 ఆంపియర్ల ఫ్యూజు వేరువేరుగా పెట్టాను. ఫ్యూజు బ్యాటరీ టెర్మినల్‌కు జానెడు దూరంలోపే ఉండాలి. ఫ్యూజు కాపాడేది దాని తరువాత ఉన్న తీగనే. బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య ఉన్న ముక్కను ఏదీ కాపాడదు, కాబట్టి ఆ ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీయాలి. పాజిటివ్‌ను ముందు ఊడదీస్తే స్పానరు బాడీకి తగిలినప్పుడు నిప్పులు చిమ్ముతాయి. ఆ తరువాత రిలేలకు చోటు వెతకాలి. నేను రేడియేటరు పైనున్న అడ్డ రేకు వెనక, బ్యాటరీ వైపు బిగించాను. ఇంజను వేడి నేరుగా తగలకుండా, చక్రం చిమ్మే నీరు పడకుండా, బానెట్ ఎత్తగానే చేతికందేలా ఉండటం ముఖ్యం. రిలే కాళ్లు కిందికి ఉండేలా నిలువుగా బిగించాలి. వెల్లకిలా పెడితే సాకెట్టులోకి చేరిన నీరు బయటికి పోయే దారి లేక కాళ్లన్నీ తుప్పు పడతాయి. కేబుళ్లను గాడులున్న ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి, అడ్డ రేకు వెంబడే ఒక లైటు నుంచి రెండో లైటుకు తీసుకెళ్లి, జానెడుకొకటి చొప్పున కేబుల్ టైలు వేశాను. రేకు అంచు మీదుగా తీగ పోయే ప్రతి చోటా రబ్బరు గ్రోమెట్ ఉండాలి. ఫ్యాను రెక్కలకు దూరంగా ఉందో లేదో ఇంజను ఆపి ఉండగా చేత్తో తిప్పి చూసుకోవాలి.

పాత హోల్డర్లు రెండిటిలో ఒక్కదాన్నే వాడతాము. బ్యాటరీ వైపున్న పాత హోల్డరును కొత్త కిట్టు మగ కప్లరుకు తగిలిస్తే, దానిలోని డిమ్ము తీగ ఒక రిలే కాయిల్‌నూ బ్రైటు తీగ రెండో రిలే కాయిల్‌నూ లాగుతాయి. రెండో పాత హోల్డరును కత్తిరించకుండా, లోపలికి నీరు పోకుండా స్లీవుతో మూసి, టేపు చుట్టి పక్కన కట్టేశాను. ఎప్పుడైనా రిలే కిట్టు మొరాయిస్తే పాత హోల్డర్లు రెండూ బల్బులకు తగిలించి ఇల్లు చేరుకోవచ్చు. కంపెనీ తీగ ఒక్కటి కూడా కోయకుండా పని చేయడంలో ఉన్న సుఖం ఇదే.

తగిలించే ముందు పాత హోల్డరులో ఏ తీగ ఏమిటో టెస్ట్ ల్యాంపుతో చూసుకోవడం తప్పనిసరి. రంగుల మీద నమ్మకం పెట్టుకోకూడదు. పాత బండ్లలో ఏ మెకానిక్కు ఎప్పుడు ఏ రంగు తీగ అతికించాడో చెప్పలేము. నేను వివరిస్తున్న పద్ధతి స్విచ్చు పాజిటివ్‌ను కలిపే బండ్లకే వర్తిస్తుంది. టయోటా పాత పికప్‌ల వంటి కొన్ని జపాన్ బండ్లలో దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పద్ధతి ఉంటుంది. అక్కడ బల్బుకు పాజిటివ్ ఉమ్మడిగా ఒకే తీగలో వస్తుంది, డిమ్ముకూ బ్రైటుకూ విడివిడిగా ఎర్త్‌ను స్విచ్చు కలుపుతుంది. అలాంటి బండికి మామూలు కిట్టు తగిలిస్తే రిలేలు లాగవు, లేదా డ్యాష్‌బోర్డులో బ్రైటు సూచించే నీలం దీపం అడ్డదిడ్డంగా వెలుగుతుంది. వాటికి వేరే కిట్లు దొరుకుతాయి. ఇంకొక జాగ్రత్త: కొందరు బ్రైటు వేసినప్పుడు డిమ్ము కూడా వెలిగేలా రిలేలను కలుపుతుంటారు. నాలుగు లైట్లున్న బండ్లలో అది సమంజసమే గాని, హెచ్4 బల్బులో రెండు ఫిలమెంట్లూ ఒకే గాజు గొట్టంలో ఉంటాయి. ఎదుటి వాడికి సంజ్ఞగా ఒక్క క్షణం రెండూ వెలిగితే పరవాలేదు; ఎక్కువసేపు వెలిగితే 115 వాట్ల వేడి ఆ చిన్న గొట్టంలో, దాని వెనకున్న హోల్డరులో చేరి బల్బు త్వరగా పోతుంది.

ఎర్త్ పనికి మిగతా వైరింగు కంటే ఎక్కువ సమయం తీసుకున్నాను, అందుకు విచారం లేదు. ప్రతి లైటు ఎర్త్‌నూ దగ్గరి రేకుకు బిగించకుండా, రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగతో నేరుగా బ్యాటరీ నెగటివ్ దాకా తీసుకెళ్లాను. బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి, చాసిస్‌కు వెళ్లే పాత పట్టీలను ఊడదీసి, బోల్టు కింద రేకును ఉప్పు కాగితంతో తళతళలాడేలా రుద్ది, తగరపు పూత ఉన్న కొత్త లగ్గులు వేసి, బిగించిన తరువాత పైన పెట్రోలియం జెల్లీ పూశాను. జెల్లీ బిగించిన తరువాతే పూయాలి. లగ్గులను క్రింపింగ్ ప్లయర్‌తో గట్టిగా నొక్కి, జిగురున్న హీట్ ష్రింక్ స్లీవు తొడిగాను. సోల్డరింగ్ చేస్తే ఇంకా గట్టిగా ఉంటుంది కదా అని చాలామంది అనుకుంటారు. సోల్డరు పోగుల మధ్యలోంచి లోపలికి పాకి తీగను కడ్డీలా బిరుసుగా చేస్తుంది. బండి కుదుపులకు సరిగ్గా ఆ బిరుసు ఆగిన చోట తీగ విరుగుతుంది. మా గట్టు రోడ్ల మీద మంచి క్రింపింగే మన్నుతుంది.

అన్నీ బిగించి ఇంజను తిప్పి అదే పద్ధతిలో మళ్లీ కొలిచినప్పుడు, బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులుండగా ఎడమ బల్బు దగ్గర డిమ్ములో 13.5 వచ్చింది. పాజిటివ్ వైపు నష్టం 0.25 వోల్టు, ఎర్త్ వైపు 0.15 వోల్టు. బల్బులు పాతవే. 11.6 నుంచి 13.5కు వోల్టేజి పెరగడమంటే, 3.4వ ఘాతం లెక్కన, వెలుతురు దాదాపు 1.67 రెట్లు కావడం. లాంతరు రంగు పోయి తెలుపు వచ్చింది. డిమ్ములోనే గట్టు అంచున గడ్డి ఎక్కడ ఆగిందో కనిపిస్తోంది. దీనికి చెల్లించే మూల్యం కూడా ఉంది, దాన్ని దాచకూడదు. ఫిలమెంటు ఎంత ప్రకాశంగా వెలిగితే అంత త్వరగా అరుగుతుంది. వోల్టేజి 5 శాతం పెరిగితే బల్బు ఆయుష్షు దాదాపు సగమవుతుంది. ఇంతకాలం నా బల్బులు పోకపోవడానికి కారణం అవి సరిగ్గా వెలగకపోవడమే. అందుకే రిలే వేసే ముందు ఆల్టర్నేటరు వోల్టేజి కొలవాలి; ఇంజను వేగం పెంచినప్పుడు అది 14.5 దాటుతుంటే ముందు రెగ్యులేటరు బాగు చేయించాలి, లేకపోతే కొత్త వైరింగు ఆ అదనపు వోల్టేజిని కూడా నమ్మకంగా బల్బు దాకా మోసుకెళ్తుంది.

కిట్టు కొన్నప్పుడు కొట్టులో ఆయన, "రిలే వేస్తున్నారు కదండీ, ఇక నూరూ తొంభై బల్బులు వేసెయ్యండి, ఏమీ కాదు" అన్నాడు. తీగల వరకు ఆయన చెప్పింది నిజమే, రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ ఆ కరెంటును మోస్తుంది. రిఫ్లెక్టరు మాత్రం మోయలేదు. 55 వాట్ల వేడికి తయారుచేసిన రిఫ్లెక్టరు మెరుపు పూత 90 వాట్ల దగ్గర కొద్దికాలానికే మాడి మసకబారుతుంది, అప్పుడు మళ్లీ మొదటికొస్తాము. అంతకంటే పెద్ద అభ్యంతరం ఎదురొచ్చే మనిషి కళ్లు. గట్టు మీద ఎదురుగా మోటారు సైకిలు మీద వచ్చేవాడికి పక్కకు తప్పుకునే చోటు కూడా ఉండదు. హెచ్4 రిఫ్లెక్టరులో ఎల్‌ఈడీ బల్బు పెట్టడం మీద కూడా నాకు ఇదే అభ్యంతరం. ఆ రిఫ్లెక్టరు, దాని గాజు మీది గీతలు అన్నీ ఫిలమెంటు సరిగ్గా ఒక చోట ఉంటుందన్న లెక్క మీద చేసినవి. ఎల్‌ఈడీ చిప్పులు ఆ చోట, ఆ ఆకారంలో ఉండవు కాబట్టి డిమ్ములో ఉండవలసిన కోత రేఖ (కింది వెలుతురు, పై చీకటి విడిపోయే అంచు) చెదిరి వెలుతురు పైకి చిమ్ముతుంది. నడిపే వాడికి ముందంతా తెల్లగా కనిపిస్తుంది, దూరం మాత్రం అంతగా కనిపించదు.

వెలుతురు పెరిగింది కాబట్టి లైట్ల గురి సరిచేయడం ఇప్పుడు ఐచ్ఛికం కాదు. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 106వ నియమం ప్రకారం, లైటు ముందు 8 మీటర్ల దూరంలో నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటికి మిరుమిట్లు గొలపకుండా కాంతి కిందికి వంగి ఉండాలి. హెడ్‌లైటు పై సగానికి నల్ల రంగు పూసే పాత అలవాటు ఈ ఉద్దేశంతో వచ్చినదే గాని, గురి సరిగ్గా ఉన్న లైటుకు దాని అవసరం లేదు. వంకర గురిని అది బాగు చేయలేదు. నేను పాటించిన పద్ధతి సులభమైనది. చదునైన నేల మీద గోడకు 10 మీటర్ల దూరంలో బండి నిలిపి, నేల నుంచి లైటు మధ్య బిందువు ఎంత ఎత్తులో ఉందో కొలిచి, గోడ మీద అదే ఎత్తులో సుద్దతో ఒక గీత గీసి, దానికి 10 సెంటీమీటర్ల కింద ఇంకో గీత గీయాలి. డిమ్ము కోత రేఖ ఆ కింది గీత మీద కూర్చునేలా సర్దుబాటు స్క్రూ తిప్పాలి. మనం రోడ్డుకు ఎడమ పక్క నడుపుతాము కాబట్టి కోత రేఖ ఎడమ వైపు కొంచెం పైకి లేచి ఉంటుంది, అది సహజమే. కుడి వైపు పైకి లేస్తుంటే ఆ లైటు కుడి పక్క నడిపే దేశాల కోసం చేసినది; దాన్ని మార్చడమే మార్గం.

పికప్‌కు కారుకు లేని చిక్కు ఒకటుంది. వెనక మేత బస్తాలు వేయగానే కమాను పట్టీలు కుంగి బండి ముక్కు పైకి లేస్తుంది, దానితో లైట్ల గురి కూడా లేస్తుంది. ఖాళీ బండితో గోడ ముందు కచ్చితంగా సర్దిన లైటు బరువుతో వెళ్లేటప్పుడు ఎదుటి వాడి కళ్లలో పడుతుంది. అందుకే నేను మామూలుగా వేసుకునే బరువు వేసి, డ్రైవరు సీటులో ఒకరిని కూర్చోబెట్టి గురి సరిచేశాను. ఖాళీగా వెళ్లేటప్పుడు వెలుతురు కొంచెం దగ్గరగా పడుతుంది. ఆ లోటు నాకు సమ్మతమే.

ఇదే పని పెద్ద లారీకి చేయాలనుకునే వాళ్లు ముందు బ్యాటరీలు లెక్కపెట్టుకోవాలి. పెద్ద లారీలలో ఎక్కువ భాగం రెండు బ్యాటరీలు వరుసగా కలిపిన 24 వోల్టుల బండ్లు. వాటి హెచ్4 బల్బులు 75/70 వాట్లవి, రిలేలు కూడా 24 వోల్టులవే కావాలి. 12 వోల్టుల రిలే కాయిల్ అక్కడ వేడెక్కి కాలిపోతుంది. రెండు బ్యాటరీలలో ఒక్కదాని నుంచి 12 వోల్టులు లాగే అడ్డదారి కొందరు చూపిస్తారు. దానివల్ల ఒక బ్యాటరీ ఎప్పుడూ తక్కువ చార్జిలో, రెండోది ఎప్పుడూ ఎక్కువ చార్జిలో ఉండి రెండూ పాడవుతాయి.

డ్యాష్‌బోర్డు అరలో ఒక రిలే, రెండు రకాల ఫ్యూజులు అదనంగా ఉంచాను. డిమ్ము, బ్రైటు రిలేలు ఒకే రకం కాబట్టి దారిలో డిమ్ము రిలే పోతే, అదనపు రిలే చేతికి దొరక్కపోయినా బ్రైటు రిలేను పీకి దాని స్థానంలో గుచ్చితే సరిపోతుంది. తొలకరికి ముందు, వానలు వెనకబట్టాక, ఏడాదికి రెండు మార్లు రిలే సాకెట్లు విప్పి కాళ్ల మీద చిలుము ఉందేమో చూసి, బ్యాటరీ నెగటివ్‌కూ బల్బు ఎర్త్‌కూ మధ్య మీటరు పెట్టి కొలవాలని నియమం పెట్టుకున్నాను. ఎర్త్ వైపు 0.3 వోల్టు దాటితే బోల్టులు విప్పి మళ్లీ ఉప్పు కాగితం పట్టుకోవలసిందే.